పిలుపు వినిపించే దూరం

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డునున్న తెలంగాణ హైకోర్టు రాజేంద్రనగర్ దగ్గర బుద్వేల్‌కి మారబోతోందని నాయినకి నేనే చెప్పాను. కొత్త బిల్డింగ్ గురించి పేపర్లో చదివినవన్నీ చెబుదామని కూర్చున్నాను, వంద ఎకరాలట, పెద్ద పెద్ద కోర్టు హాళ్ళట అని. ఆయన మొదట అడిగిన మాట, "బస్సు ఏడ ఆగుతది బిడ్డా?" ఆ తర్వాత ఇంకో రెండు అడిగాడు. లోపలికి పోయాక కూర్చునే జాగా ఉంటదా, పేరు పిలిస్తే ఇనవడుతదా. అంతే, వంద ఎకరాల సంగతి ఎత్తలేదు.

ఈ మూడు ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండ వైపు. రెండెకరాల పది గుంటల చెలక, దాని మీద గెట్టు పంచాయితీ. పక్క చెలక వాళ్ళు ఒక ఎండాకాలం ట్రాక్టరు పెట్టి దున్నుతూ దున్నుతూ గెట్టు ఇవతలికి జరిపారు. ఊళ్ళో పెద్దమనుషుల్లో కూర్చున్నారు, తెగలేదు. సర్వేయర్ వచ్చి గొలుసు వేసి కొలిచిపోయాడు, అయినా తెగలేదు. 2009లో నాయిన దావా వేశాడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, ఇప్పుడు నా కొడుకు రెండో తరగతి. మధ్యలో ఎన్ని పేషీలు పడ్డాయో లెక్క నాయిన దగ్గరే ఉంది, పాత డైరీల్లో రాసి పెట్టుకున్నాడు. పేషీ అని మా వైపు అంటాం, ఆంధ్ర వైపు వాయిదా అంటారు, రెండూ ఆ కోర్టు తారీఖే.

అసలు కోర్టు మాటలు చూస్తే ఎంత దూరం నుంచి నడిచి వచ్చాయో అనిపిస్తుంది. వకీలు, దావా, జప్తు, జామీను, రాజీ, హాజరు, గుమాస్తా, ఇవన్నీ ఫార్సీ ఉర్దూల నుంచి వచ్చి మన ఇళ్ళల్లో కూర్చున్న మాటలే. ముద్దాయి అన్న మాట మరీ విచిత్రం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన దగ్గరికి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడైపోయాడు. నాయినకి ఈ సంగతి చెబితే కాసేపు ఊరుకుని, "దావ ఏసినోడు గూడ ముద్దాయి లెక్కనే తిరుగుతడు గద బిడ్డా" అన్నాడు.

మొదట్లో ఆయన తిరిగింది మా దగ్గర్లోని చిన్న టౌన్ కోర్టుకి. పాత కోర్టు పెంకుల కప్పు, సున్నం గోడలు, ముందు పొడుగాటి వరండా. వరండా అంచున షాబాదు బండల అరుగు ఉండేది. దాన్ని నేను దగ్గరగా చూశాను, సెలవుల్లో ఒకట్రెండు సార్లు నాయినతో వెళ్ళాను కాబట్టి. బండ మధ్యలో గరుకుగా బూడిద రంగులో ఉండేది, అంచు మాత్రం నల్లగా నిగనిగలాడేది, వేలు పెడితే జారేంత నున్నగా. అన్నేళ్ళుగా అక్కడ కూర్చుని లేచిన జనం ధోవతులు, చీరలు, ప్యాంట్లు రాసుకుని రాసుకుని అలా అయింది. ముందు ఒక పెద్ద వేపచెట్టు. చెట్టు కింద టైపు మిషన్లు పెట్టుకున్న ఇద్దరు, స్టాంపులమ్మే ఆయన, చాయ్ బండి, అన్నం మూటలు విప్పుకున్న ఆడవాళ్ళు. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఫలానా వాళ్ళు, వాళ్ళ తండ్రి ఫలానా అని మూడుసార్లు గట్టిగా పిలిచేవాడు. ఆ పిలుపు చెట్టు దాకా వినిపించేది, చాయ్ బండి దాకా వినిపించేది. ఒకవేళ ఎవరైనా వినకపోతే పక్కనున్న వాళ్ళు "ఓ పెద్దమనిషీ, నిన్నే, పో పో" అని తరిమేవారు. కోర్టు హాల్లో నుంచి చెట్టు కనిపించేది, చెట్టు కింద నుంచి జడ్జి కుర్చీ వెనక గోడ కనిపించేది.

ఆ కోర్టు బాగుండేదని నేను చెప్పడం లేదు. వానాకాలం రికార్డు గదిలో పెంకుల నుంచి నీళ్ళు కారేవి, బస్తాల్లో కట్టిన ఫైళ్ళ మీద ప్లాస్టిక్ కవర్లు కప్పేవాళ్ళు. ఆడవాళ్ళకి బాత్రూం లేదు. ఉంది అనేవారు గానీ తలుపు లేదు, అంటే లేనట్టే. నేను పొద్దున ఇంట్లో నీళ్ళు తాగకుండా వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చి తాగేదాన్ని. అక్కడ విడాకుల కేసులకీ మనోవర్తి కేసులకీ చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చే ఆడవాళ్ళు రోజంతా ఎలా ఉండేవారో ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. కాబట్టి కొత్త బిల్డింగ్ కట్టాల్సిందే. కట్టారు కూడా. 2016లో అక్కడికి మారారు.

మూడంతస్తులు, తళతళలాడే టైల్స్, గాజు కిటికీలు. వేపచెట్టు పార్కింగ్‌కి అడ్డం వచ్చిందని కొట్టేశారు. ఆడవాళ్ళకి బాత్రూం వచ్చింది, తలుపుతో సహా, అది నిజంగా పెద్ద మేలు. రికార్డులకి ఇనప ర్యాకులు వచ్చాయి. నాయిన కేసు నడిచే కోర్టు రెండో అంతస్తులో పడింది. లిఫ్ట్ ఉంది గానీ నాయిన వెళ్ళిన రోజుల్లో నడిచింది తక్కువ. పైన వరండా సన్నది, నలుగురు ఎదురుపడితే పక్కకి తిరిగి నడవాలి. కక్షిదారులు కూర్చోవడానికి బెంచీ ఒక్కటంటే ఒక్కటి లేదు. వకీళ్ళకి హాలు ఉంది, జడ్జిలకి చాంబర్లు ఉన్నాయి, స్టాఫ్‌కి గదులున్నాయి. ప్లాన్ గీసినవాళ్ళు ఒక్కొక్కరిని తలుచుకుంటూ గీసినట్టున్నారు, పేషీకి వచ్చే మనిషి వంతు వచ్చేసరికి కాగితం అయిపోయినట్టుంది.

ఆ రోజు నాయిన క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి వకీలు ఆయన్ని ప్రశ్నించే రోజు. పొద్దున ఆరున్నర బస్సుకి బయల్దేరి ఎనిమిదిన్నరకే కోర్టు దగ్గరున్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రెండంతస్తులు ఎక్కి గంటల తరబడి నిలబడలేడు. వకీల్ సాబ్ జూనియర్ "మీరు కింద కూర్చోండి పెద్దాయనా, కేసు దగ్గరికి రాగానే నేను పిలుస్తా" అన్నాడట. నాయిన కింద మెట్ల పక్కన, మోటార్ సైకిళ్ళ దగ్గర సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. పదకొండున్నరకి పైన పేరు పిలిచారు. జూనియర్ అప్పుడు పక్క కోర్టులో ఇంకో కేసులో నిలబడి ఉన్నాడు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడట, ఆ పిలుపు రెండో అంతస్తు టైల్స్‌కి తగిలి అక్కడే తిరిగి ఉంటుంది. కింద బండ్ల చప్పుడు. ఎవరో గుమాస్తా దిగి వచ్చి చెప్పి, నాయిన మెట్లు పట్టుకుని పట్టుకుని పైకి ఎక్కేసరికి దావా కొట్టేశారు. వాది గైర్హాజరు.

నాకు ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. నాయిన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు. "బిడ్డా, నేను కిందనే ఉన్న. రాలేదని రాసిన్రట. నేను కిందనే ఉన్న."

ఏడేళ్ళు ఒక్క పేషీ తప్పలేదు ఆయన. మా అమ్మమ్మ పోయిన మూడో రోజు కూడా వెళ్ళొచ్చాడు. ఓడిపోయినా అంత బాధపడేవాడు కాదు, రాలేదని రాసినందుకు పడ్డాడు.

ముప్ఫై రోజుల్లోపు పిటిషన్ వేసుకుంటే కేసు తిరిగి నంబరుకి తీసుకునే వీలుంది, వేశాం. అఫిడవిట్‌లో కారణం రాయాలి. వకీలు గారు ఒంట్లో బాగోలేదని రాద్దామన్నారు, అలా రాస్తే తొందరగా ఒప్పుకుంటారట. నాయిన ససేమిరా అన్నాడు. కిందనే ఉన్నా, వినపడలేదు, అదే రాయమన్నాడు. అదే రాశారు. అవతలి వాళ్ళకి ఖర్చుల కింద కొంత కట్టి, కేసు మళ్ళీ నంబరు ఎక్కడానికి ఏడు నెలలు పట్టింది. 2018లో మాకు డిక్రీ వచ్చింది, అంటే తీర్పు మా వైపు పడింది. అవతలి వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, 2021లో అక్కడ తీర్పు తిరగబడింది. అలా మేం హైకోర్టు మెట్లెక్కాం, సెకండ్ అప్పీల్ అంటారు. చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఏదైనా ఉంటేనే అది తీసుకుంటారు, సాక్ష్యాలు మళ్ళీ మొదటి నుంచి చూడరు.

హైకోర్టులో కక్షిదారు ప్రతిసారీ రానక్కర్లేదు, అంతా వకీలే చూసుకుంటారు. కానీ నాయిన ఒక్కసారి చూడాలన్నాడు. 2022 మార్చిలో తీసుకెళ్ళాను. నల్లగొండ బస్సు హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగి, సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాం. దూరం నుంచి ఆ గుమ్మటాలు కనపడగానే నాయిన ఆగిపోయాడు. ఎర్రరాయి, గులాబీ రంగు గ్రానైట్, వరసగా తోరణాలు, రాతిలో చెక్కిన జాలీలు. లోపల వరండాలో ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బయట ఎండ మండుతోంది, ఆ రాయి చల్లగా ఉంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. "గింత పెద్ద కచేరిల మన కాయితం ఏడున్నదో" అన్నాడు.

ఎవరు కట్టించారని అడిగితే తర్వాత చాయ్ తాగుతూ ఫోన్లో చూసి చదివి వినిపించాను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి నగరం సగం కొట్టుకుపోయింది. నదికి అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని తిరగరాశారు. అప్పటిదాకా హైకోర్టు పత్తర్‌గట్టి లాంటి చోట్ల, వేరే పనికి కట్టిన ఇళ్ళల్లో సర్దుకుంది. 1915 ఏప్రిల్‌లో మూసీ దక్షిణపు ఒడ్డున సొంత బిల్డింగ్ మొదలుపెట్టి 1919 మార్చికి ముగించారు. జైపూర్‌కి చెందిన శంకర్‌లాల్ గీసిన నక్షా, విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు, పని నడిపించిన ఇక్కడి ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. కాచిగూడ స్టేషను, సిటీ కాలేజీ, ఎదురొడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఈ మూడింట్లోనూ ఆ ఎష్ చెయ్యే ఉంది. నాలుగేళ్ళలో కట్టారని వినగానే నాయిన "మన కేసు కంటె జల్ది అయింది" అన్నాడు. నవ్వడానికి అనలేదు, లెక్క చూసుకుని అన్నాడు.

ఆరుగురు జడ్జిల కోసం కట్టిన భవనం అది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, అంతకు ముందు గుంటూరులో 1954 నుంచి నడిచిన ఆంధ్ర హైకోర్టు వచ్చి ఇందులో కలిసింది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరి కేసులూ ఈ గుమ్మటాల కిందికే వచ్చాయి. జడ్జిలు పెరిగారు, వెనక ఒక బ్లాకు, పక్కన ఒక బ్లాకు కట్టుకుంటూ పోయారు. 2009లో అగ్నిప్రమాదం జరిగి లైబ్రరీ కాలిపోయింది, మళ్ళీ బాగుచేసుకున్నారు. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు విడిపోయినా ఇరుకు తగ్గలేదు, ఎందుకంటే 2021లో తెలంగాణ హైకోర్టు జడ్జిల సంఖ్య 24 నుంచి 42కి పెంచారు. ఆరుగురికి కట్టిన చోట నలభై రెండు. ఇంక ఎంతని సర్దుతారు. నాకు ఆ రాయి అంటే ప్రాణం, అయినా ఈ లెక్క చూశాక మారొద్దు అనలేను.

ఆ రోజు మా కేసు రెండు నిమిషాలు నడిచింది. మా వకీలు గారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు, జడ్జి గారు ఒక ప్రశ్న అడిగారు, కాగితం తిరగేశారు, అయిపోయింది. నాయిన వెనక వరసలో నిలబడి వాళ్ళ మొహాలు చూస్తున్నాడు. చెలక ఆయనది, గెట్టు ఆయనది, ఆ రెండు నిమిషాల్లో ఆయనకి అర్థమైంది ఊరి పేరు ఒక్కటే. బయటికొచ్చాక "ఏమన్నరు?" అని అడిగాడు. "అడ్మిట్ చేశారు నాయినా, తీసుకున్నారు" అని చెప్పాను.

ఆ భవనం మొదలైనప్పుడు అందులో మాట్లాడింది ఉర్దూ. నిజాం రాజ్యం పోయాక ఇంగ్లీషు వచ్చింది. చుట్టూ ఇంత తెలుగు నేల ఉండగా లోపల తెలుగు వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 2023 జూన్‌లో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక బెంచ్ 44 పేజీల తీర్పు తెలుగులో ఇచ్చింది, మచ్చబొల్లారంలో అన్నదమ్ముల భూమి తగాదా అది. ఆ వార్త నాయినకి చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదవమన్నాడు. మా కేసుకి ఏ సంబంధమూ లేదు, అయినా చదవమన్నాడు. రాజ్యాంగం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషే, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్‌లకి మాత్రం హిందీకి వీలు కల్పించారు. మన దగ్గర అది ఎప్పుడో నాకు తెలియదు గానీ, కొత్త బిల్డింగ్‌లో బోర్డులు, గది నంబర్లు, కేసుల వరస చూపే తెర, వీటిని తెలుగులో పెట్టడానికి ఏ రాజ్యాంగమూ అడ్డం రాదు. ఇంగ్లీషు పక్కనే, అదే సైజులో.

ఇక బుద్వేల్ సంగతి. 2024 మార్చి 27న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీ భూముల్లో నుంచి వంద ఎకరాలు ఇచ్చారు. విద్యార్థులు ఆ జనవరిలో దీక్షలు చేశారు, ఆ చెట్లూ ఆ పరిశోధన పొలాలూ పోతాయని. రైతు కూతురిగా నా మనసు వాళ్ళ వైపే లాగింది, ఇప్పటికీ లాగుతుంది. కోర్టుకి చోటు కావాలి నిజమే, విత్తనాల మీద పని చేసే నేల కూడా అంత తేలిగ్గా దొరికేది కాదు. పాత భవనాన్ని కూల్చరట, వారసత్వ కట్టడంగా ఉంచి సిటీ కోర్టులకో మరో పనికో వాడతామన్నారు. అది జరగాలని కోరుకుంటున్నాను, తాళం వేసి వదిలేస్తే రాయి కూడా చస్తుంది. ఎదురొడ్డున ఉస్మానియా పాత బిల్డింగ్‌ని చూడండి, 2020 జులైలో వాన నీళ్ళు వార్డుల్లోకి వచ్చాయని ఖాళీ చేయించారు, కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. ఒకే కాలంలో ఎదురెదురుగా లేచిన రెండు భవనాలు, రెండింటికీ ఒకేసారి కొత్త ఇల్లు వెతుకుతున్నారు.

నాయిన అడిగిన బస్సు గురించి కూర్చుని లెక్క వేశాను. ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే మనిషి సికింద్రాబాద్ బస్టాండు జేబీఎస్‌లో దిగితే ఎంజీబీఎస్ దాకా మెట్రో ఉంది, 11 కిలోమీటర్లు, 2020లో మొదలైంది. అక్కడి నుంచి హైకోర్టుకి నడిచిపోవచ్చు. వరంగల్, నల్లగొండ, ఖమ్మం బస్సులు చాలావరకు నేరుగా ఎంజీబీఎస్‌కే వస్తాయి. అంటే పాత హైకోర్టు పెద్ద బస్టాండుకి నడక దూరంలో ఉంది. ఇది ఎవరూ గొప్పగా చెప్పుకోరు గానీ, తెల్లవారుజామున బయల్దేరి చేతిలో ఫైలు సంచితో దిగే మనిషికి ఆ గుమ్మటాల కంటే ఇదే ముఖ్యం. బుద్వేల్ మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకి బాగా కలిసొస్తుంది, వాళ్ళు ఎలాగూ ఆరాంఘర్ మీదుగానే వస్తారు. మేమైతే ఎల్బీనగర్‌లో దిగి చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కాలి, అక్కడి నుంచి ఇంకో బండి. ఆదిలాబాద్ మనిషి ఊరు మొత్తం దాటాలి. బుద్వేల్‌లో రైల్వే స్టేషను ఉంది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆ దారిన 2023 నుంచి ఉందానగర్ దాకా నడుస్తోంది. రెండో దశ మెట్రో ప్రణాళికలో కొత్త హైకోర్టు దగ్గర స్టేషను పెట్టారు. జూపార్క్ నుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు, అది కార్లున్న వాళ్ళకి మేలు. నేను అడిగేది ఎంజీబీఎస్ నుంచీ జేబీఎస్ నుంచీ కోర్టు గేటు దాకా, కోర్టు మొదలయ్యే వేళకి ముందే చేరే బస్సు. గేటు దగ్గర ఆగాలి, మెయిన్ రోడ్డు మీద కాదు. వంద ఎకరాల్లో గేటు నుంచి హాలు దాకా ఎంత నడకో అది వేరే లెక్క, దానికి లోపల తిరిగే చిన్న బండ్లు కావాలి.

గుంటూరు వైపు నా స్నేహితురాలు ఉంది, వాళ్ళ నాన్నగారిదీ ఇలాంటి కేసే. 2018 దాకా రాత్రి రైలెక్కి హైదరాబాద్ వచ్చేవారు, పొద్దున స్టేషన్‌లో మొహం కడుక్కుని కోర్టుకి. ఇప్పుడు ఆయనకి హైకోర్టు గంట దూరంలో, అమరావతిలో నేలపాడు దగ్గర, 2019 ఫిబ్రవరి 3న ప్రారంభించిన భవనంలో. "మా నాన్నకి రాత్రి ప్రయాణం తప్పింది, అది చాలే" అంటుంది తను. అదే శ్రీకాకుళం మనిషికి ఇప్పటికీ రాత్రి ప్రయాణమే. కోర్టు ఎక్కడ కట్టినా ఒకరికి దగ్గర, ఒకరికి దూరం, అది ఎవరూ తప్పించలేరు. కానీ దూరం నుంచి వచ్చిన మనిషికి దిగాక ఏం దొరుకుతుందనేది మాత్రం కట్టేవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

కొత్త కట్టడాల వల్ల వచ్చే మేలు చిన్నది కాదు, అదీ చెప్పాలి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు, పిల్లలూ లైంగిక దాడి బాధితులూ భయం లేకుండా సాక్ష్యం చెప్పేందుకు ప్రతి జిల్లాలో విడిగా కేంద్రాలు ఉండాలని ఆదేశాలిచ్చింది. పెంకుల కప్పు కింద మూడు గదుల కోర్టులో అది ఎక్కడ పెడతారు? నిందితుడూ ఆ పిల్లా ఒకే వరండాలో ఎదురెదురుగా నిలబడేవారు, నేను కళ్ళారా చూశాను, ఆ పిల్ల తల్లి కొంగు వదల్లేదు. ఇప్పుడు విడి ద్వారం, విడి గది కట్టొచ్చు. చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టొచ్చు. కేసు నంబరు ఫోన్లో కొడితే తరువాతి తారీఖు తెలుస్తోంది, ఈకోర్ట్స్ యాప్ నాయిన ఫోన్లో నేనే ఎక్కించాను, ఆయన అద్దాలు పెట్టుకుని రోజూ ఒకసారి చూసుకుంటాడు, ఏమీ మారకపోయినా. ఇంత టెక్నాలజీ ఉన్నప్పుడు రెండో అంతస్తులో పిలిచే పేరు కింది అంతస్తులో ఒక స్పీకర్లో వినిపించడం ఎంత పని?

పోయిన వారం కూర్చుని ఒక ఉత్తరం రాశాను, హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ గారికి, ఒక కాపీ ప్రభుత్వానికి. తెలుగులోనే. ప్రతి కోర్టు హాలు బయట కక్షిదారులకి వీపు ఆనించుకునే బెంచీలు, కింది అంతస్తులో అన్ని హాళ్ళ కేసులూ కనిపించే తెర, తెలుగులో, చదువు రాని వాళ్ళ కోసం పేరు పిలిచే స్పీకరు, పాలిచ్చే తల్లులకి గది, తాగే నీళ్ళు, గేటు దాకా బస్సు. నేనెవరని నా మాట వింటారు అని ఒక్క క్షణం అనిపించింది, తర్వాత కింద నాయిన పేరు, ఊరు, వయసు 71, అప్పీలు నంబరు రాశాను. రాయాల్సిన హక్కు ఆయనదే కదా.

ఆదివారం ఊరికి వెళ్ళి ఆయనకి చదివి వినిపించాను. అద్దాలు పెట్టుకుని తను కూడా ఒకసారి చూశాడు. బెంచీల దగ్గర తల ఊపాడు, స్పీకరు దగ్గర వేలు పెట్టి ఆ లైను మళ్ళీ చదవమన్నాడు. సంతకం చేసే ముందు పెన్ను పట్టుకుని ఆగి, "చెట్టు రాసినవా?" అన్నాడు.

రాయలేదు. అక్కడే, ఆయన పేరుకి పైన మిగిలిన కొంచెం జాగాలో, చేత్తో ఇరికించి రాశాను.